ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి రోడ్డెక్కే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

దున్నకాలు, విత్తనాలు అయిపోయాక ట్రాక్టర్‌కు మిగిలేది ట్రాలీ పనే. ఆదోనికి పత్తి, కర్నూలు మార్కెట్‌కు ఎర్రగడ్డలు, అనంతపురానికి చీనీకాయలు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నుంచి నాపరాళ్లు. పొలంలో జరిగే పొరపాటుకు నాగలి విరుగుతుంది. రోడ్డు మీద జరిగే పొరపాటుకు ప్రాణం పోతుంది. అందుకే ఈ పేజీలో రోడ్డు గురించే మాట్లాడుతున్నాం. ఇక్కడి అంకెలు 35 నుంచి 50 హెచ్‌పీ టూవీల్ డ్రైవ్ ట్రాక్టర్లకు, ఒకే ఇరుసు ఉన్న రెండు చక్రాల ట్రాలీలకు వర్తిస్తాయి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

నాది 45 హెచ్‌పీ బండి. ఎన్ని టన్నులు లాగొచ్చు?

ఈ ప్రశ్న "ఎన్ని టన్నులు ఆపొచ్చు" అని ఉండాలి. కింది గేర్లలో ఇంజను ఎంత బరువునైనా కదిలిస్తుంది. తిప్పలు ఆపేటప్పుడే. ఈ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ట్రాలీకి చాలా చోట్ల బ్రేకే ఉండదు. అంటే మొత్తం బరువును ఆపాల్సింది ఆ రెండు పెద్ద టైర్లు రోడ్డును పట్టే పట్టు ఒక్కటే.

లెక్క చూడండి. ట్రాక్టర్ 2 టన్నులు, లోడు ట్రాలీ 6 టన్నులు, వెనక టైర్ల మీద పడే బరువు సుమారు 1.8 టన్నులు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కినా, ఎండిన తారు రోడ్డు మీద బండి ఆగేసరికి 25 నుంచి 30 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లే సెకనులో ఇంకో 8 మీటర్లు పోతాయి. అదే ట్రాలీ ఖాళీగా ఉంటే 13, 14 మీటర్లలో ఆగుతుంది. చిన్న పల్లం ఉన్నా లోడు బండి ఆగే దూరం రెట్టింపుకు దగ్గరవుతుంది. 30 నుంచి 20కి వేగం తగ్గిస్తే మాత్రం ఆగే దూరం సగానికన్నా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది.

బ్రేకు లేని ట్రాలీకి మేం చెప్పే హద్దు ఇది: ట్రాలీ, లోడు కలిపిన బరువు ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, వేగం 30 దాటకూడదు. 2 టన్నుల ట్రాక్టర్‌కు ట్రాలీ, లోడు కలిపి 3 టన్నులు. ఖాళీ ట్రాలీయే టన్నుంపావు తూగితే సరుకు టన్నుముప్పావు. దీనితో పాటు ట్రాలీ ఆర్‌సీలో రాసిన మొత్తం బరువును కూడా చూసుకోవాలి. రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

టన్నుముప్పావు అంటే డీజిలు ఖర్చు కూడా రాదు కదా?

నిజమే. ఎక్కువ తోలాలంటే దారి ఒక్కటే, ట్రాలీకి బ్రేకులు పెట్టించడం. ట్రాక్టర్ బ్రేకు తొక్కగానే ట్రాలీ చక్రాలు కూడా పట్టేలా హైడ్రాలిక్ బ్రేకు గానీ ఎయిర్ బ్రేకు కిట్టు గానీ బిగిస్తారు. ఇంకో రకంలో డ్రాబార్ (ట్రాలీని హుక్కుకు కలిపే ముందు కడ్డీ) లోపలికి జారి, ఆ తోపుకే ట్రాలీ బ్రేకు పడుతుంది. దీనికి గొట్టాలు అక్కర్లేదు, కానీ జారే భాగానికి గ్రీజు లేక తుప్పు పడితే పని చేయదు, రివర్సులో లాకు వేయడం కూడా మరవకూడదు. ఏ రకమైనా బిగించాక ఖాళీ మైదానంలో సగం లోడుతో 15 వేగంలో తొక్కి చూడండి. రెండు చక్రాల గుర్తులు మట్టిలో సమానంగా పడాలి. ఒక పక్కే పడితే ట్రాలీ అడ్డం తిరుగుతుంది, మళ్లీ సరిచేయించాలి.

కొత్త ట్రాలీ కొనేవాళ్లు పక్క తలుపుల మందం, రంగు గురించి బేరం ఆడుతుంటారు. ఆ డబ్బు ముందు బ్రేకులకు పోవాలి.

కాటా లేని చోట లోడు బరువు ఎట్లా తెలుసుకోవాలి?

పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న ట్రాలీలో 120 ఘనపుటడుగులు పడుతుంది. ఒకే ట్రాలీ, సరుకును బట్టి బరువు ఐదారు రెట్లు మారుతుంది.

బుడ్డలు (వేరుశెనగ కాయలు) అంచుల దాకా నింపినా దాదాపు టన్నే. ఎండిన ఇసుక అంచుల దాకా అయితే ఐదున్నర టన్నులకు దగ్గర. వంకలోంచి అప్పుడే ఎత్తిన తడి ఇసుక ఆరు దాటుతుంది. నాపరాళ్లకైతే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి: ట్రాలీ నేలంతా పరిచినప్పుడు ఒక్కో అంగుళం మందానికి సుమారు 370 కిలోలు. ఎనిమిది అంగుళాల ఎత్తుకే మూడు టన్నులు. చూస్తే ట్రాలీ మూడింట రెండు వంతులు ఖాళీగానే కనిపిస్తుంది, అక్కడే జనం మోసపోతారు.

శెనగకట్టె, వరిగడ్డి దీనికి తలకిందులు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. వీటికి బ్రేకు కంటే మలుపు, గాలి ప్రమాదం. మోపు మీద అడ్డంగా రెండు చోట్లయినా తాడు బిగించాలి, వెనక లైట్లు గడ్డిలో మునిగిపోకుండా చూడాలి.

వేబ్రిడ్జి మీద ఏమేం తూకం వేయించాలి?

మామూలుగా మొత్తం బరువు ఒక్కటే వేయించి రసీదు తీసుకుని వచ్చేస్తారు. ఒక్కసారి ఓపిగ్గా నాలుగు తూకాలు వేయించండి, ఆ కాగితం ఏళ్ల తరబడి పనికొస్తుంది.

1. ట్రాలీ లేకుండా ట్రాక్టర్ మొత్తం, డ్రైవరుతో సహా.
2. ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రమే కాటా మీద.
3. లోడు ట్రాలీ తగిలించి, మళ్లీ ముందు చక్రాలు మాత్రమే.
4. తగిలించి ఉండగానే ట్రాలీ చక్రాలు మాత్రమే.

మూడో తూకం మొదటి దానిలో ఐదో వంతు కన్నా తగ్గకూడదు. 2,000 కిలోల ట్రాక్టర్‌కు ముందు చక్రాల మీద 400 కిలోలైనా ఉండాలి. 380 వచ్చిందంటే చదునులోనే స్టీరింగ్ తేలికవుతుంది, మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేల వదులుతాయి. నాలుగో తూకంలో సగం ఒక్కో టైరు మీద పడే బరువు, దాన్ని ట్రాలీ టైరు పక్క మీద ముద్రించిన లోడుతో పోల్చుకోండి.

లోడు ముందుకు వేయాలా, వెనక్కా?

ఎద్దులబండి తోలిన ఇంట్లో ఈ సంగతి తెలుసు: వెనకభారమైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది, మరీ ముందుభారమైతే మెడ మీద కూర్చుంటుంది. ట్రాలీకీ అంతే. ఇరుసు మీద చాలా భాగం పడి, హుక్కు మీద కొంచెం ఒత్తిడి ఉండేలా సర్దాలి. మొత్తం ట్రాలీ బరువులో పదో వంతు హుక్కు మీద పడితే చాలు. మాన్యువల్‌లో హుక్కు మీద పడదగిన బరువు రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు.

బరువు వెనక్కి పోతే హుక్కు పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక టైర్లు తేలికై పట్టు తప్పుతాయి, ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువు ముందుకు పోతే ఇంకో చిక్కు. హుక్కు సాధారణంగా వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనక ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. ఆ లెక్కన హుక్కు మీద 600 కిలోలు పడితే ముందు చక్రాల మీంచి 180 కిలోలు పోతాయి.

నాపరాళ్లు నిలబెట్టి తోలేటప్పుడు ఇరుసు మీదుగా, రెండు పక్కలా సమానంగా, మధ్యలో కట్టెల ఆపు పెట్టి కట్టాలి. సడన్ బ్రేకు కొడితే పలకలు ముందుకు జారి డ్రైవరు వీపు మీదికే వస్తాయి. సగం ఊరిలో దించి మిగతా సగంతో బయల్దేరేటప్పుడు కూడా మళ్లీ సర్దాలి. వెనక తలుపు తీసి దించుతారు కాబట్టి మిగిలేది ఎప్పుడూ ముందుభారమే.

ట్రాలీని ట్రాక్టర్‌లో ఏ చోట తగిలించాలి?

వెనక ఇరుసు మధ్య కంటే కింద ఉండే ఫిక్స్‌డ్ హుక్కుకే. కల్టివేటర్ ఎత్తే లింకుల మీద గానీ, టాప్ లింకు చోట గానీ ఎప్పుడూ వద్దు, కూరుకుపోయిన బండిని గొలుసుతో లాగేటప్పుడు కూడా వద్దు.

కారణం ఇది. ఆరు టన్నుల ట్రాలీతో ఓ మోస్తరు మిట్ట ఎక్కుతుంటే హుక్కు మీద 650 కిలోల దాకా లాగుడు పడుతుంది. హుక్కు నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ లాగుడు ముందు చక్రాల మీంచి దాదాపు 150 కిలోలు తీసేస్తుంది. అదే 90 సెంటీమీటర్ల ఎత్తులో తగిలిస్తే 300 కిలోలు. హుక్కు మీద భారం వల్ల పోయే 180 దీనికి తోడు. ముందు చక్రాలు లేస్తే ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి సెకను, సెకనున్నర చాలు. క్లచ్ తొక్కాలని తోచేలోపే అయిపోతుంది.

తగిలించాక పక్కన నిలబడి చూడండి. ట్రాలీ నేల అడ్డంగా మట్టంగా ఉండాలి, ముక్కు లేచి ఉండకూడదు.

పిన్ను పోయింది. బోల్టు వేసి తోలొచ్చా?

వద్దు. బోల్టు మర మీద భారం పడితే అక్కడే చీలిక పుడుతుంది, పైగా నట్టు గతుకులకు ఊడిపోతుంది. పిడి ఉన్న గట్టి ఉక్కు పిన్ను, దాని కింద ఆర్ ఆకారపు క్లిప్పు, ఈ రెండూ రెండో జత సీటు కింద డబ్బాలో ఉండాలి. క్లిప్పు బదులు మేకు వంచి పెట్టడం, కట్టుతీగ చుట్టడం మానేయండి. పిన్ను నడుము అరిగి సన్నబడినా, ట్రాలీ కన్నం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారమైనా మార్చాల్సిందే. అరిగిన సందులో ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా సమ్మెట దెబ్బ పడుతుంది.

పిన్నుతో పాటు రెండు గొలుసులు డ్రాబార్ కింద అడ్డంగా, ఒకదానిని ఒకటి దాటేలా కట్టండి. పిన్ను ఊడినా డ్రాబార్ ముక్కు నేలలో గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద నిలుస్తుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు, రోడ్డుకు రాసుకోనంత బిగువు.

ముందు చక్రాలు తేలిపోతున్నాయి. ముందు బరువులు పెడితే సరిపోతుందా?

ముందు లోడు సర్దండి, తర్వాతే బరువులు. కంపెనీ ఇచ్చే ఇనప బరువులు ముందు బంపరుకే బిగించాలి. ఇసుక బస్తా కట్టుకోవడం, మనిషిని ఎక్కించి కూర్చోబెట్టడం పద్ధతి కాదు.

వెనక టైర్లు జారుతుంటే వాటిలో నీళ్లు నింపుకోవచ్చు. వాల్వు పైకి వచ్చేలా తిప్పి, జాకీ మీద లేపి, వాల్వు మట్టం దాకా నింపితే ముప్పావు వంతు నిండినట్టు. 13.6-28 టైరుకు సుమారు 170 లీటర్లు పడుతుంది, అంటే ఒక్కో పక్క 170 కిలోలు. మిగతాది గాలి.

రెండు బ్రేకు పెడల్స్ కలిపే లాకు వేయకపోతే ఏమవుతుంది?

ఒక పక్క చక్రమే పడుతుంది, ట్రాక్టర్ ఆ పక్కకు తిరుగుతుంది, ట్రాలీ తోస్తుంది, బండి బోల్తా పడుతుంది. పొలం గట్టు దాటి తారు రోడ్డు ఎక్కే ముందే లాకు వేయాలి. డిఫరెన్షియల్ లాకు (రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కలిపేది) తీసి ఉండాలి. చేతి యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి కాలితోనే తోలాలి, లేకుంటే బ్రేకు తొక్కినా ఇంజను తోస్తూనే ఉంటుంది.

గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగుడులో ఎట్లా తోలాలి?

రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు ఈ ఘాట్ దిగాలి. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల ఘాట్ కూడా అలాంటిదే. బ్రేకు లేని ట్రాలీతో నిండు లోడు వేసుకుని ఇక్కడ దిగొద్దని మా గట్టి సలహా. సరుకును లారీకి మార్చుకోండి.

తప్పనిసరైతే తక్కువ లోడుతో, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, లేదా ఇంకొకటి కింద. దిగుడు మొదలు కాకముందే బండి ఆపి ఆ గేరు వేసుకోవాలి. చాలా ట్రాక్టర్ గేర్‌బాక్సుల్లో నడుస్తుండగా కింది గేరు పడదు. దిగుడు మధ్యలో మార్చబోతే గేరు న్యూట్రల్‌లోనే ఇరుక్కుంటుంది, ఆ తర్వాత ఇంజను పట్టు పూర్తిగా పోతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు, క్లచ్ తొక్కి దిగేవాళ్లు ఈ కారణంగానే లోయలోకి పోతున్నారు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి, వేడెక్కి పట్టు పోతుంది. తొక్కి వేగం తగ్గించి వదలాలి, మళ్లీ అవసరమైతే తొక్కాలి.

మలుపులో బ్రేకు కొడితే ట్రాలీ పక్క నుంచి తోసి ట్రాక్టర్‌ను మడిచేస్తుంది. వేగం మలుపుకు ముందే తగ్గాలి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

వెనక పెద్ద టైర్లకు పొలంలో 12 నుంచి 14 పీఎస్ఐ, లోడుతో రోడ్డు మీద 16 నుంచి 20. ముందు టైర్లకు సాధారణంగా 28 నుంచి 36. నల్లరేగడిలో దున్నడానికి గాలి తగ్గించి, అలాగే రోడ్డెక్కితే టైరు పక్కలు మడతపడి వేడెక్కుతాయి, బండి ఊగుతుంది. ట్రాలీ టైర్లకు పక్కన రాసిన అంకె ప్రకారం, రెండింటిలో సమానంగా ఉండాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగిన లారీ టైరు వేస్తే ట్రాలీ ఎప్పుడూ ఒక పక్కకే వంగి ఉంటుంది.

ట్రాలీ లైట్లు ఒకసారి వెలుగుతాయి, ఒకసారి మసకబారతాయి. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా కొట్టుకుంటుంది. ఎందుకు?

పదిలో తొమ్మిది సార్లు ఎర్తు తప్పు. చాలా ట్రాలీలకు ఎర్తు వైరు వేయరు, హుక్కు పిన్ను ద్వారానే కరెంటు తిరిగి వస్తుందని వదిలేస్తారు. పిన్నుకు తుప్పు, గ్రీజు, మట్టి పడితే దారి మూసుకుపోతుంది, కరెంటు పక్క బల్బుల గుండా దొడ్డిదారిన పోతుంది. ఏడు పిన్నుల సాకెట్టు పెట్టించి, ఎర్తుకు విడిగా లావుపాటి వైరు ట్రాక్టర్ ఛాసిస్ దాకా లాగండి. బోల్టు బిగించే చోట రంగు గీకాలి. ఇండికేటర్ మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే ఆ పక్క బల్బు పోయిందని అర్థం. ఎల్ఈడీ వేసి పాత ఫ్లాషర్ ఉంచినా అలాగే కొట్టుకుంటుంది.

లైట్లు ఎంత బాగున్నా రిఫ్లెక్టివ్ టేపు ఉండాల్సిందే. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద వెనక వచ్చే కారు 100 వేగంలో ఉంటుంది, మీ ట్రాలీ 20లో. ఆ తేడాతో 100 మీటర్ల దూరం ఐదు సెకన్లు కూడా పట్టదు. టేపు మీద దుమ్ము పేరుకుంటే లేనట్టే, బయల్దేరే ముందు తడిగుడ్డతో తుడవాలి.

హబ్బు వేడెక్కితే ఏం చేయాలి?

పది కిలోమీటర్లు పోయాక ఆపి ట్రాలీ రెండు హబ్బుల (బేరింగులు ఉండే చక్రం నడిమి భాగం) దగ్గరా చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించలేనంత కాలితే బేరింగు గ్రీజు ఎండిపోయింది, లేదా నట్టు మరీ బిగిసింది. అలాగే తోలితే చక్రం హబ్బుతో సహా ఊడిరావచ్చు. చక్రం నట్లు తీసి బిగించిన ప్రతిసారీ 50 కిలోమీటర్లలోపు మళ్లీ బిగించాలి. కమాన్ కట్టల యూ బోల్టులు కూడా అప్పుడే చూడండి.

హైడ్రాలిక్ ట్రాలీ ఎత్తేటప్పుడు జాగ్రత్తలు?

తల పైకెత్తి కరెంటు తీగలు చూడటం మొదటిది. మట్టమైన నేల రెండోది. పక్కకు వాలిన నేల మీద ఎత్తితే తడి మట్టి ఒక పక్కే అంటుకుని ట్రాలీ పడిపోతుంది. ఎత్తిన ట్రాలీ కిందికి గొట్టం చూడటానికో, మట్టి గీకడానికో దూరాలంటే ఇనప ఆపు పెట్టాకే దూరాలి. తొట్టి దించకుండా కదలొద్దు.

కూలీలను ట్రాలీలో తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లకూడదు. తిరునాళ్లకూ, పెళ్లికీ అంతే. ట్రాలీకి పట్టుకునే ఆధారం లేదు, బోల్తా పడితే అందరూ దాని కిందే పడతారు. మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషి ఒక్క గతుకుకు పెద్ద చక్రం కిందికి పోతాడు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ప్రమాదం జరిగితే పరిహారం భారం బండి యజమాని ఆస్తి మీదికి రావచ్చు. కూలీలకు ఆటో పెట్టండి.

కాగితాలు ఏమేం కావాలి?

ట్రాక్టర్‌కూ ట్రాలీకీ విడివిడిగా రిజిస్ట్రేషన్, రెంటికీ బీమా. పాలసీలో "వ్యవసాయ పనులకు మాత్రమే" అని ఉంటే ఇసుక, ఇటుకల బాడుగకు అది నిలవదు. ఎక్కువ లోడుకు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000.

హైవే మీద బండి ఆగిపోతే?

వీలైనంత ఎడమకు, తారు దిగి ఆపండి. బ్రేకు లాకు వేసి, ట్రాలీ రెండు చక్రాలకూ కట్టె దిమ్మెలు అడ్డం పెట్టాలి. పల్లంలో అయితే దిమ్మె ముందు వైపు, మిట్టలో అయితే వెనక వైపు. ఇండికేటర్లన్నీ వేసి, మెరిసే త్రికోణం బోర్డును 50 మీటర్లకు తగ్గకుండా వెనక పెట్టండి. మలుపు దాటి ఆగితే మలుపుకు ముందే, వెనక బండ్లు వచ్చే వైపే పెట్టాలి. మనుషులు ట్రాలీ వెనక నిలబడకూడదు, రిపేరు చేసేవాళ్లు కూడా రోడ్డు వైపు కాకుండా పక్క నుంచే చేయాలి. జాతీయ రహదారి అయితే 1033కి, దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయండి.

త్రికోణం లేక రాళ్లు, కంపలు పెట్టినా, బండి కదిలే ముందు ఒక్కటి కూడా మిగలకుండా తీసి తారుకు దూరంగా వేయాలి. చీకట్లో ఆ రాయి మీదికి వచ్చేది ఏ మోటారు సైకిలో తెలియదు.